ఒక్క యేఁటికిఁ బెక్కు లెక్కలు

(మన సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



మన పూర్వచరిత్రనుగూర్చి నాలుగు మాటలు చెప్పుఁడని కార్యవర్గమువారు మమ్ము నాజ్ఞాపించిరి. విషయము పెద్దది, మా శక్తి చిన్నది. కావున నా పెద్ద యింటికి వాకిలివంటి యొక చిన్న విషయమునే మేము చేపట్టితిమి. అది సంవత్సరమును లెక్కించుట. ఇంత చిన్న పనికి ఉపన్యాస మేల యని కొందఱికిఁ దోఁపవచ్చును. మన సంఘమువారు కులచరిత్ర వ్రాయింపఁబూని, యింటింటఁ బడియున్న తాళపత్రములను, కైఫీయతుల నకళ్లను, దస్తావేజులను సేకరించుచున్నారు. అందుఁ బ్రతి కాగితముపైనను ఒక తేది యున్నది. తేదిని సరిగాఁ జదువనియెడల తాత మనుమఁడగును, మనుమఁడు తాతయగును. అట్లు వ్రాసిన చరిత్ర మనకు వన్నె తేకపోఁగా నలుగురిలో నవ్వులపాలు చేయును.

మాటలకన్న నుదాహరణము మేలు. మన దేశములో నెల్లరు నెఱిఁగిన యొక్క సంవత్సరమును దీసికొందము. హనుమకొండయందలి వేయిస్తంభముల గుడిని చూడనివా రరుదు. అచటఁ గాకతీయ రుద్రదేవుఁడు నిలిపిన శాసనము కలదు. దానిని అచింతేంద్రుఁడను కవి సంస్కృతమున రచించెను, ఆరంభమునఁ గొంత తెలుఁగు కలదు. రుద్రదేవుఁడు రుద్రేశ్వర వాసుదేవ సూర్యదేవులను బ్రతిష్ఠించి, భూమి నిచ్చిన సంగతి యందున్నది. ఫ్లీటు పండితుఁడు దీనిని 1882లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికయందుఁ బ్రకటించెను. ఇందలి కాలము శకవర్షము 1084, చిత్రభాను సంవత్సరము, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారము.

ఈ యొక్క పంక్తిలో నాలుగు సాక్ష్యములున్నవి. మొదటిది శకసంఖ్య, రెండవది ప్రభవాది యఱువదింటిలోని పేరు, మూఁడవది మాసతిథులు, నాలుగవది వారము. ఒక సాక్షి పొరపడవచ్చును గాని, నలుగురు సాక్షులు నొక్కటే చెప్పినప్పుడు సందేహమునకుఁ దావుండదు. పూర్వులు తేదిని ఇంత వివరముగా వ్రాయుట ఆడంబరమునకుఁ గాదు, తరువాతివారు మోసపోకుండుటకే.

ఇఁక లెక్క చూతము. శకసంఖ్యకు 78 కూడినచోఁ గ్రీస్తుశకము వచ్చునని మన పిల్లలెల్లరు బడిలో నేర్చికొన్నారు. 1084కు 78 కూడఁగా 1162 వచ్చును. మేమును మొదట నట్లే కూడితిమి. కొన్ని యేండ్లక్రింద నొక సభలో ఈ శాసనము 1162వ సంవత్సరముదని ధైర్యముగాఁ జెప్పి, యది యచ్చువేయించితిమి కూడ. పిమ్మట నొక వృద్ధసిద్ధాంతిగారు మమ్ముఁ బిలిచి, "అయ్యా! మాఘమాస మే యింగ్లీషునెలలో వచ్చును?" అని మాత్ర మడిగిరి. మేము సిగ్గుపడితిమి. చాంద్రమానపు టేఁడు చైత్రమున మొదలగును. చిత్రభాను సంవత్సరము 1162 మార్చి నెల నడుమ మొదలై 1163 మార్చి మొదటి దినములవఱకు నడచెను. చైత్రమునుండి మార్గశిరమువఱకుఁ గూడవలసినది 78. జనవరి ప్రవేశించినది మొదలు ఫాల్గుణాంతమువఱకుఁ గూడవలసినది 79. కావున నీ మాఘ శుద్ధ త్రయోదశి 1163 జనవరి 19వ తేది యగును.

ఆ దినము నిజముగా నదేనా యని యడుగుదురేని, వారము సాక్ష్యమిచ్చును. గణించి చూడఁగా 1163 జనవరి 19వ తేది శనివారము. వడ్డవార మనఁగా శనివారమే. ఈ మాట నేఁడు మన వాడుకలో లేదు గాని, ప్రాచీనశాసనములలోఁ గానవచ్చును. చిత్రభాను పేరును సరిపడినది. మన వాడుకలోని చిత్రభాను సంవత్సరము 2002లో వచ్చినది. దానినుండి అఱువదేసి చొప్పున పదునాలుగు మాఱులు వెనుకకుఁ బోయినచో 1162 వచ్చును. ఇట్లు నలుగురు సాక్షులు నొక్కమాటయే చెప్పిరి.

ఇందే మఱియొక చిక్కు కలదు. శక 1084 అనఁగా 1084 సంవత్సరములు గడచినవని యర్థము. దీనిని గతసంవత్సర మందురు. నడచుచున్న సంవత్సరమును జెప్పువాఁడు దానినే 1085 అనును. కొన్ని శాసనములలో నీ వర్తమానసంఖ్యయే కలదు. మన యింటఁ గూడ నీ భేదమున్నది. బిడ్డకుఁ బదియేండ్లు నిండినవని తల్లి చెప్పును, పదునొకండవ యేఁడు నడచుచున్నదని తాత చెప్పును. ఇరువురును సత్యమే చెప్పుచున్నారు. శాసనములోని సంఖ్య యే తీరుదో తేల్చునది దాని ప్రక్కనున్న సంవత్సరనామము. అందుచేతనే యా పేరును విడిచి సంఖ్యను మాత్రము వ్రాసికొనుట ప్రమాదము.

ఇప్పుడు మన దేశమునందే ఆ దినమును వేఱువేఱు ప్రాంతములవా రేమని చెప్పియుందురో వినుఁడు. మనము ప్రతిదినము సంకల్పమునఁ దలఁచు కలియుగపు లెక్కలో నది 4263 గతసంవత్సరము. విక్రమశకమును బాటించువారికి 1219. అందును ఔత్తరాహులకుఁ జైత్రమునను, ఘూర్జరులకుఁ గార్తికమునను నూతనసంవత్సరము. మాఘమునాఁటి కిరువురకును 1219 యే గాని, అదే చిత్రభానులో ఆషాఢమున మొదటివారికి 1219, రెండవవారికి 1218. మలయాళదేశపుఁ గొల్లమాబ్దము 338. నేపాళసంవత్తు 283. బృహస్పతి గమనమును వదలక లెక్కించు నుత్తరదేశములో నఱువదింటి పేరును వేఱు, అచటి పేరు మన పేరుకంటె ముందునకు సాగియుండెను. ఒక్క సూర్యోదయమునకే యిన్ని సంఖ్యలు!

దేశాంతరములకుఁ బోయిన వింత యింకను హెచ్చును. మహమ్మదీయుల లెక్కలో నా దినము హిజ్రీ 558, సఫరుమాసము. 558 మొదలైనది 1162 డిసెంబరు 10 ప్రాంతమున. కావున చిత్రభాను సంవత్సరములోఁ గొంతభాగము హిజ్రీ 557, కొంతభాగము 558. యూదుల సృష్ట్యబ్దము 4923. కాన్‌స్టాంటినోపిలు చక్రవర్తుల సృష్ట్యబ్దము 6671. ఇటలీదేశపు సంగతి మఱియుఁ జిత్రము. ఫ్లోరెన్సు, పీసా యను రెండు నగరములు పొరుగుననే యున్నవి. రెండింటను మార్చి 25ననే సంవత్సరాది. కాని పీసావారి లెక్క ఫ్లోరెన్సువారి లెక్కకు సరిగా నొక యేఁడు ముందు. మనము 1163 జనవరి 19 అనుచున్న దినమును ఫ్లోరెన్సు లేఖకుఁడు 1162 అని వ్రాయును, పీసా లేఖకుఁడు 1163 అని వ్రాయును. ఈ భేదము 1750లో జనవరి 1వ తేదిని సంవత్సరాదిగాఁ జేయువఱకు నుండెను. ఇంగ్లాండులోనైనను జనవరి 1 రాజ్యాంగపు సంవత్సరాది యైనది 1752లోనే. కావున లెక్కలో గజిబిజి మనకే యున్నదని యెవ్వరును జిన్నఁబుచ్చుకోఁ బనిలేదు.

ఈ భేదములకు హేతువులు మూఁడే. మొదటిది, ఎక్కడనుండి లెక్కింప మొదలిడితిమి యనునది. ఒకరు సృష్టినుండి, ఒకరు యుగాదినుండి, ఒకరు రాజుయొక్క యేలుబడినుండి, ఒకరు ప్రవక్తయొక్క వలసనుండి యెన్నుకొనిరి. రెండవది, ఏ దినమున సంవత్సరము మాఱును అనునది. మూఁడవది, సూర్యుని నమ్ముకొంటిమా, చంద్రుని నమ్ముకొంటిమా, యిరువురను గూర్చితిమా యనునది. హిజ్రీసంవత్సరము కేవలచాంద్రము. దానికి 354 లేక 355 దినములే. అందుచేత సుమారు ముప్పదిమూఁడేండ్ల కొకమా ఱొక యేఁడు ముందుకుఁ బోవును. మన చాంద్రమానమునకు అధికమాస మను కళ్లెము కలదు గనుక ఋతువులను విడిచి పరుగెత్తదు. ఈ మూఁడు ప్రశ్నలకుఁ బ్రత్యుత్తరము తెలిసినవానికి నే లెక్కయైనను భయము గొలుపదు.

ఈ విద్య క్రొత్తదియుఁ గాదు. రుద్రదేవునికి నూఱేండ్లకుఁ బైఁగా ముందుగానే అల్‌బెరూనీ యను పండితుఁడు, హిందూదేశపు శాస్త్రములను వ్రాయుచు, తన కాలములోని యొక్క సంవత్సరమును గొలబద్దగాఁ బెట్టుకొనెను. పారసీకుల యజ్దగిర్దు శకము 400వ యేఁటిని దీసికొని, యది విక్రమశకము 1088, శకకాలము 953, వలభీశకము 712 అగునని సరిపెట్టి చూపెను. పరదేశమునుండి వచ్చినవాఁడు మన లెక్కలను మన పండితులనడిగి నేర్చికొని, దేనిని దేనితోఁ దూఁచవలయునో యెఱిఁగి తూఁచెను. మనము మన లెక్కలను మఱచుట తగునా?

మఱియొక సంగతి. ఒక శకమును స్వీకరించుట కేవలగణితము గాదు, రాజనీతియుఁ గూడ. చాళుక్య షష్ఠవిక్రమాదిత్యుఁడు 1076లో సింహాసన మెక్కి, శకకాలమును ద్రోసిపుచ్చి తనపేర నొక శకమును నెలకొల్పెను. కాకతీయులు అప్పటికిఁ జాళుక్యులకు సామంతులు. హనుమకొండ పద్మాక్షిగుట్టమీఁద రుద్రదేవుని తండ్రి ప్రోలరాజు కాలమునాఁటి శాసనము కలదు. దాని తేది చాళుక్యవిక్రమవర్షము 42, హేమలంబి, పుష్య బహుళ అమావాస్య, సోమవారము. అది 1117 డిసెంబరు 24. తండ్రినాఁటి శాసనములో ప్రభువుయొక్క శకము. నలువదియైదేండ్ల పిమ్మటఁ గొడుకు, చాళుక్యుల ప్రాభవ మడుగంటిన కాలమున, స్వతంత్రుఁడై తన విజయములను జెక్కించుకొన్న శాసనములో శకవర్షము 1084. చాళుక్యశకమే పట్టియుండినచో నది 87 అయియుండెడిది. చెప్పకయే చెప్పిన మాట యిది. ఒక్క సంఖ్యను మార్చుటలో ఒక రాజ్యముయొక్క దశయే మాఱిన వైనము గానవచ్చుచున్నది.

ఆ ప్రోలరాజునాఁటి శాసనములోనే యుత్తరాయణ సంక్రాంతి పేర్కొనఁబడినది. సంక్రాంతి డిసెంబరు 24న నెట్లు వచ్చునని యాశ్చర్యపడవలదు. పై తేదులన్నియు నాఁటి జూలియను పద్ధతినిబట్టి చెప్పినవి. నేఁటి గ్రెగరీ పద్ధతికి మార్చినచో ఆ కాలపుఁ దేదులకు 7 దినములు కూడవలయును. మిగిలిన యంతరము, మన సంక్రాంతి నక్షత్రముల ననుసరించుటచే, శతాబ్దములమీఁద మెల్లమెల్లగాఁ దరువాతి తేదులకుఁ జరిగినది.

ఇంతవఱకు శాస్త్రము చెప్పితిమి. ఇఁక దీనితో మన కేమి యవసరమో చెప్పెదము. మన కులములోని యొక గౌరవకుటుంబమువారు తమ యింటి కాగితపుఁ బొత్తమును మా కొసఁగిరి. పేరు చెప్పుట మర్యాద గాదు. అందు మొదటి పుటలో, రుద్రదేవమహారాజు తమ మూలపురుషునకు శక 1084, విజయనామ సంవత్సరము, మాఘ శుద్ధ 13 సోమవారము, ఫసలీ 572లో భూదానము చేసినట్లు వ్రాసియున్నది. ఇంటి పెద్దగారు దానిని చూపునప్పుడు వారి కన్నులలో నీళ్లు నిలిచెను. దీనిని కులచరిత్రకు మొదటిపుటగా నచ్చువేయుఁడని కోరిరి.

మేము లెక్క చూచితిమి. శక 1084 చిత్రభాను గాని విజయ గాదు. విజయ పదునొకండేండ్ల తరువాత, శక 1095లో వచ్చినది. తిథి యొక దినము ముందు వెనుకలు కావచ్చును గాని, శనివారము సోమవారము గాఁజాలదు. ఇఁక ఫసలీ! అది మొగలుచక్రవర్తుల కాలమున రైతుల శిస్తు వసూలునకై పుట్టిన లెక్క. అక్బరు కాలమునకు ముందది లేనేలేదు. రుద్రదేవునికి నాలుగువందల యేండ్లపిమ్మటఁ బుట్టిన సంవత్సరమును రుద్రదేవుని లేఖకుఁ డెట్లు వ్రాయును? ఎవఁడో యొక నకలుకారుఁడు యజమాని మెప్పుకొఱకు శాసనపుఁ దేదిని వినికిడిగాఁ బట్టుకొని, తన కాలపు ఫసలీని వెనుకకు లెక్కించి చేర్చినాఁడని స్పష్టము. ఇట్టి కూటశాసనములు మన యింటనే కాదు, దేశమంతటఁ గలవు. వానిని ఫ్లీటు మొదలగువారు పట్టికగాఁ గూర్చి ప్రకటించియున్నారు.

ఈ మాట పెద్దగారితోఁ జెప్పుట మాకుఁ గష్టమైనది. వారు నొచ్చుకొని, "మా తాతలు అబద్ధమాడిరా?" అనిరి. "లేదండి, తాతగారికి వ్రాసియిచ్చినవాఁడు పొరపడినాఁ" డని మేము చెప్పితిమి. ఆ పొత్తమును మూయక, తుదిపుటలవఱకుఁ జదివితిమి. అచట వేఱొక చేతివ్రాతలో, వన్నెచిన్నె లేమియు లేక, నాలుగు పంక్తులు కలవు. ఫసలీ 1242, నందననామ సంవత్సరమున, కఱవులో, ఇంటి గాదెలు విప్పి వాకిటఁ బందిరి వేసి, వచ్చినవారికెల్ల గంజి పోయించిన లెక్క యది. ఎన్ని పుట్ల ధాన్యము వెచ్చమైనదో, ఎవరికి బాకీ పడితిమో వ్రాసియున్నది.

ఈ తేదిని మేము తూఁచితిమి. మన జిల్లాల ఫసలీకి 590 కూడినచో 1832 వచ్చును. ఫసలీ 1242 అనఁగా 1832 జూలైమాసమున మొదలై మఱుసటి జూలైవఱకు. నందన 1832 ఉగాదినుండి 1833 ఉగాదివఱకు. రెండును సరిపడినవి. గుంటూరుసీమను బాడుచేసిన నందనకఱవు 1832-33లోనిదే యని చరిత్ర యెఱుఁగును. తేది సత్యము, సంగతి సత్యము. ఈ పుట చదివి వినిపించినప్పుడు పెద్దగారు చాలసేపు మాటాడలేదు. పిదప, "ఆ మొదటి పుట తీసివేయుఁడు, ఈ పుట వేయుఁడు" అని సెలవిచ్చిరి. మహాజనులారా! మా ఉపన్యాసమున కంతకును ఇదియే సారము. రాజు మనకు భూమి నిచ్చెనన్న కల్పితగౌరవముకంటె, మన పెద్దలు పరులకు గంజి పోసిరన్న నిజగౌరవము గొప్పది. ఆ రెండింటిని వేఱుచేసి చూపినది సంవత్సరపు లెక్కయే.

కావునఁ గులచరిత్రకుఁ గాగితములను సేకరించు యువకులకు నాలుగు విన్నపములు. తేదిలో శకసంఖ్య, సంవత్సరనామము, మాసతిథులు, వారము ఎన్ని యున్నవో యన్నియు నున్నవి యున్నట్లే యెత్తివ్రాయుఁడు, మీ లెక్కను ప్రక్కన వేఱుగా వ్రాయుఁడు. సంవత్సరనామము మాత్రమే యున్నచోఁ దొందరపడకుఁడు. చిత్రభాను 1102లోను, 1162లోను, 1222లోను వచ్చినది. అఱువదేండ్ల పొరపాటు రెండుతరముల పొరపాటు. పుష్య మాఘ ఫాల్గుణములు కనఁబడినచో 78 కాదు, 79 అని జ్ఞాపకముంచుకొనుఁడు. పుష్యారంభము డిసెంబరులోఁ బడవచ్చును గనుక దానిని మాత్రము పట్టికలోఁ జూచుకొనుఁడు. 1957 మార్చి 22నుండి భారతప్రభుత్వమువారు నడపుచున్న జాతీయపంచాంగమును శకసంవత్సరమునే వాడుచున్నది గాని, యది సౌరమానము. దాని మాసములను బాత కాగితములకుఁ బట్టింపకుఁడు.

గణితము రాదని వెనుదీయవలదు. సివెల్, శంకర బాలకృష్ణ దీక్షితులు కలిసి 1896లోఁ బ్రకటించిన గ్రంథమును, ఎల్. డి. స్వామికన్ను పిళ్ళగారు క్రీ. శ. 700 మొదలు 1799 వఱకుఁ బ్రతిదినమునకును దిథివారములు తేల్చి 1922లోఁ బ్రకటించిన పట్టికలును గలవు. ఆ మహనీయులు కన్నులు కాయలు గాచునట్లు చేసిన పనిని మనము పుట తిప్పి చూచుకొనుటయే మిగిలినది. పోషకమహాశయులలో నెవరైన నా సంపుటములను మన విద్యార్థివసతిగృహపు గ్రంథాలయమునకుఁ గొనియిచ్చినచో, ఆ దానమునకు సరియైన తేదిని మేమే స్వహస్తముతో, శక సంవత్సర మాస తిథి వారములతో వ్రాసిపెట్టెదము. రాఁబోవు తరములవా రది చదివి పొరపడరు.

 లెక్కలు వేఱైనను దినమొక్కటే యైనట్లు, ఊళ్లు వేఱైనను మన మొక్కటియై, సత్యమైన చరిత్రను మన బిడ్డల కప్పగింతుముగాక!

స్వస్తి.